నాలుగు గుంటల నీళ్లు

తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలో
కిటికీకి నల్లగుడ్డ కట్టిన గది నాది.
శివ శివా అంటూ చలి వెళ్లిపోయి వారమైంది,
బయట వరండాలో అప్పుడే ఎండ కాళ్లు చాపింది.

"నెల ఎప్పుడు తప్పిందమ్మా?"
తేదీ చెప్పదు రెడ్డిరాణి.
"జాతరలో మాతంగి వేషం చూసొచ్చినా మేడం,
ఆ మర్నాడే దూరం కూర్చున్నా.
దాని తర్వాత మళ్లీ లేదు."
నేను గోడమీది పాత క్యాలెండరు తిప్పి
గంగమ్మ నుంచి లెక్క కడతాను.
నలభై ఒక్క వారాలు, మూడు రోజులు.
గడువు దాటింది అని రాస్తాను.
కరెంటు బిల్లుకు, డ్వాక్రా కిస్తీకి
వాడే మాట అది.

"జెల్లు చల్లగా ఉంటాది, ఉలిక్కిపడొద్దు."
బొడ్డు నడుమ రెండు గీతలు గీస్తాను, కంటితోనే.
పొట్ట నాలుగు చెక్కలు.
ఒక్కో చెక్కలో నీళ్లు ఎంత లోతో చూడాలి.
ఒకటి పాయింటు ఎనిమిది.
ఒకటి పాయింటు ఆరు.
ఒకటి పాయింటు రెండు.
నాలుగో గుంటలో ఉత్త బొడ్డుతాడు,
ఎండిన బోరులో వదిలేసిన మోకులాగా.
కూడితే నాలుగు పాయింటు ఆరు.
అయిదన్నా ఉండాలి.

మీట నొక్కి రంగులు తెస్తాను.
తాడులో నెత్తురు, తలలో నెత్తురు,
రెంటికీ నిష్పత్తి ఒకటికి దిగువన.
అంటే, లోపల కరువు తెలిసిపోయింది.
మూత్రపిండాలకు తగ్గించి, కాళ్లకు తగ్గించి
ఉన్నదంతా తలకు మళ్లిస్తోంది బిడ్డ.
ఆ ఏడు మా నాయన
తోపునంతా ఆకాశానికి వదిలేసి
ట్యాంకరు నీళ్లు బిందెలతో మోసి
ఒకే ఒక్క మామిడి అంటును బతికించుకున్నాడు.
ఆయనకు నేర్పినవాళ్లున్నారు.
దీనికి ఎవరు చెప్పారు?

ఆడా మగా అడగడం నేరమన్న బోర్డు కింద
అత్త కన్నెమ్మ నిలబడుంది.
ఆమె అది అడగలేదు.
"తొందరేంది మేడం? నన్ను మాయమ్మ
పది నెల్లు నిండినాక కనింది,
ఏనుగుబిడ్డ అని పిలిచేటోళ్లు ఊళ్లో."

నా థీసిస్‌లో ఇది నూట పన్నెండో వరుస.
అరవై ఒకటో వరుసలో
నీళ్లు పదకొండు, నిష్పత్తి నిక్షేపం.
"బాగుంది" అని నేనే రాసిచ్చి పంపాను.
ఉమ్మనీరు పచ్చగా వచ్చింది.
ఆ బిడ్డ నాలుగు రోజులు అద్దాల పెట్టెలో.
"ఒక్కటే కదా, పక్కన పెట్టు" అన్నారు సారు.
పెట్టలేదు.
పట్టిక చదివినప్పుడల్లా
వేలు అక్కడికొచ్చి ఆగుతుంది,
మెట్టు విరిగిన చోట కాలు ఆగినట్టు.

అందుకే ఈసారి ఎర్రసిరాతో రాశాను.
ఆ రాత్రే నొప్పులకు డ్రిప్పు పెట్టారు.
అలిపిరి బస్సులు మొదలయ్యే వేళకు
పుట్టింది.
రెండు కిలోల ఎనిమిది వందలు.
పుట్టీపుట్టగానే వార్డంతా లేపింది.
అరచేతులు మాత్రం
పొద్దంతా గుడ్డలుతికినట్టు ముడతలు పడి ఉన్నాయి.

పట్టికలో గడి నింపాలి.
కష్టం వస్తుందని యంత్రం చెప్పింది.
రాలేదు.
అంటే, జోస్యం తప్పు.

మధ్యాహ్నం కన్నెమ్మే వచ్చింది,
కాగితం పొట్లంలో మైసూరుపాకు ముక్కలు.
"నీ మిషను అబద్ధం చెప్పిందంట గదా?" అని నవ్వింది.
"అబద్ధం కాదవ్వా..." అని మొదలుపెట్టి
శాతాల దగ్గర చిక్కుకున్నాను.
ఆమె కాసేపు విని అంది:
"రాత్రి కుక్క మొరిగింది, మేం లేచినాం, దొంగ రాలే.
కుక్కదా తప్పు?"

తప్పు అన్న గడిలో ఒకటి వేశాను.
కుక్కకు గడి లేదు.
పక్కన ఖాళీలో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకున్నాను,
సారుకు కనపడనంత.

సాయంత్రం వార్డుకు వెళ్లి చూశాను.
బిడ్డ చెంపమీద సన్నటి గీత.
గడువు దాటి పెరిగిన గోళ్లతో
తనే గీరుకుంది.
తొడ ఎముక కొలిచాను, తల కొలిచాను,
నీళ్లు కొలిచాను.
గోళ్లు తెరమీద కనబడలేదు.